వెల పెరిగింది, విలువ ఏది?

మన భాషలో 'అమూల్యం' అనే మాట ఒకటుంది. మూల్యం కట్టడానికి వీలుకానిది అని దాని అర్థం. తేట తెలుగులో 'వెలలేనిది' అంటాం. తల్లి లాలన, గురువు చెప్పిన మంచిమాట, గడచిపోయిన కాలం ఇటువంటివన్నీ వెలలేనివి. ఈ మాటను నేటి పత్రికలు వాడుతున్న తీరు చూస్తే, ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన ప్రాణం ఉసూరుమంటుంది. ఏ దేశంలోనో ఒక పాత పందెం కారు వందల కోట్లకు వేలంలో అమ్ముడుపోతుంది. మరునాడు ఆ కారును అమూల్యమంటూ ఒక శీర్షిక, దాని కిందనే దాని మూల్యం! మూల్యం చెప్పిన తరువాత అది అమూల్యమెట్లా అవుతుంది?

ఇది వ్యాకరణదోషం మాత్రమే అయితే ఎర్రసిరాతో సున్న చుట్టి ఊరుకునేవాణ్ణి. దీని వెనుక బుద్ధిదోషం కూడా ఉంది. వెల, విలువ రెండూ ఒకటేనన్న భ్రమ అది. నిజానికి ఇవి ఒక ఇంటి మాటలే. పూర్వపు తెలుగులో 'విలుచు' అంటే కొనడం. అయినా తరతరాల వాడుకలో జాతి వీటిని వేరుచేసింది. మనిషికి విలువలుండాలంటాం గాని వెలలుండాలనం. ఆ తేడా తెలిసిన భాష మనది. ఆ తేడా చెరిగిపోతే ఏమవుతుందో చూడాలంటే ఇటలీ, జర్మనీ, ఇంగ్లండు దేశాల స్పోర్ట్స్ కార్ల వ్యాపారాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

కారు నడపడమే రాని తెలుగు పండితుడికి ఫెరారీల గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. యంత్రం గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. ఒక వస్తువు దేనికోసం పుట్టిందో ఆ పని నుంచి దాన్ని తప్పించి, ఆ తప్పించడానికే అదనపు ధర కట్టి, దానికి 'రసికత' అని పేరుపెట్టడం గురించి మాత్రం మాట్లాడతాను. రసికత అన్న మాట మాది గనుక.

నా వాదాన్ని ముందే చెబుతాను. ఈ కార్ల ధరలు గడచిన నాలుగు దశాబ్దాలలో ఇంతగా పెరగడానికి వాటి శ్రేష్ఠత ప్రధాన కారణం కాదు. మొదట జూదగాళ్ళు, తరువాత తయారీదారులు కొరతను ఒక సరుకుగా అమ్మడం నేర్చారు. కారు క్రమంగా ప్రామిసరీ నోటుగా మారింది. ఇట్లా మారడం కారుకూ మంచిది కాదు, దాన్ని ప్రేమించేవాడికీ మంచిది కాదు.

ఫెరారీ 250 జీటీవో అనే కారు కథ వినండి. 1962 నుంచి 1964 వరకు ఇటలీలోని మారనెల్లోలో ఇటువంటివి 36 తయారయ్యాయి. మూడు లీటర్ల ఇంజను, పన్నెండు సిలిండర్లు, సుమారు 300 అశ్వశక్తి. అమెరికాలో అప్పటి ధర సుమారు 18,000 డాలర్లు. అది పందెంలో పరుగెత్తడానికి పుట్టిన బండి, పరుగెత్తింది, గెలిచింది. కొన్నేళ్ళకు దానికన్నా వేగమైన బండ్లు రాగానే మిగిలిన పాత పందెం కార్లవలెనే మూలపడింది.

ఆ 36లో ఒకదాన్ని 1964లో దాని యజమాని అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో విక్టోరియా అనే ఊరి ఉన్నత పాఠశాలకు ఇచ్చివేశాడు. మోటారు మరమ్మతు నేర్చుకునే పిల్లల పాఠాలకు అది పనికివచ్చింది. 1972లో ఆ పాఠశాల దాన్ని 6,500 డాలర్లకు అమ్మింది. కొన్నాయన ఒహాయో రాష్ట్రంలో ఒక పొలంలో, పైకప్పు లేని ట్రైలరు మీద, ఎండకూ వానకూ మంచుకూ వదిలేశాడు. పది పన్నెండేళ్ళకు పైగా అది అక్కడే ఉంది.

ఇప్పుడు అదే వంశపు కార్ల లెక్క చూడండి. 2014లో కాలిఫోర్నియా వేలంలో ఒకటి 3 కోట్ల 81 లక్షల డాలర్లు పలికింది. 2018లో అక్కడే మరొకటి 4 కోట్ల 84 లక్షలు పలికింది. 2023 నవంబరులో న్యూయార్కు వేలంలో ఇంకొకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయింది.

పొలంలో నానిన బండికీ వేలంపాటలో వెలిగిన బండికీ తేడా ఏమిటి? పుట్టిన ఇల్లు ఒకటే, పుట్టిన నాటి ఇంజను ఒకటే, ఆ వంపులూ అవే. అందమైనదైతే 1972లోనూ అందమైనదే. అపురూపమైనదంటారా, అప్పుడూ లోకంలో ఉన్నవి ఆ ముప్ఫై ఆరే. బండిలో లేని మార్పు చూసేవాడి కంటిలోనూ కొనేవాడి సంచిలోనూ వచ్చింది. పాఠశాలలో ఉన్నప్పుడు ఆ కారు మూతను పదహారేళ్ళ పిల్లలు ఎత్తి చూశారు, దాని సిలిండర్లను లెక్కపెట్టారు. నన్నడిగితే దాని జీవితంలో గౌరవప్రదమైన దశలలో అదొకటి. వేలం పుస్తకాలవారికి మాత్రం అది ఒక వింత కథ, ధరకు దట్టించే మసాలా.

ధర ఎట్లా పెరిగిందో చూద్దాం. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ మరణించారు. ఇక ఆయన చేతిమీదుగా కార్లు రావన్న మాట పుట్టింది. జపానులో భూముల ధరలూ షేర్ల ధరలూ ఆకాశాన్నంటుతున్న కాలమది. ఒకటి రెండేళ్ళలో 250 జీటీవో ధర కోటి డాలర్లు దాటింది. 1990 తరువాత జపాను బుడగ పేలగానే అదే కారు మూడో వంతు ధరకు కూడా కొనేవారు కరవైన స్థితి వచ్చింది. ఆ మధ్యకాలంలో కారులో ఒక్క మర కూడా మారలేదు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో జాగ్వార్ ఎక్స్‌జే 220 ఉదంతం జరిగింది. 1988లో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో పన్నెండు సిలిండర్ల నమూనా చూపించారు. 50,000 పౌండ్ల బయానా కట్టించుకుని వరుస పెట్టారు. కారు చేతికి రాగానే లాభానికి అమ్ముకోవచ్చునన్న ఆశతో ఎందరో ఎగబడ్డారు. 1992లో కారు బయటికి వచ్చేసరికి పన్నెండు సిలిండర్లు ఆరయ్యాయి, మాంద్యం వచ్చిపడింది, ధరేమో ముందుకన్నా పెరిగింది. అప్పటికి లోకంలో దానికన్నా వేగంగా పోయే కార్లు లేవన్నంత పేరున్నా, బయానా కట్టినవారే మాకు వద్దని కోర్టుకెక్కారు. 350 తయారు చేద్దామనుకున్నవారు సుమారు 280 దగ్గర ఆగిపోయారు. నిజంగా కారు కావలసినవాడు సిలిండర్లు తగ్గాయని అలిగినా చివరికి నడిపి చూస్తాడు. వారికి కావలసింది కారు కాదు, మారుబేరం. బేరం చెడగానే ప్రేమ కూడా చెడింది.

ఈ అనుభవం నుంచి తయారీదారులు ఒక పాఠం నేర్చారు. జూదం మానాలన్న పాఠం కాదు, జూదశాలను తామే నడపాలన్న పాఠం. మార్కెట్టు అడిగేదానికన్నా ఒక్క కారు తక్కువ తయారు చేయాలన్నది ఎంజో ఫెరారీ సూత్రమని చెబుతారు. 1995లో వచ్చిన ఎఫ్50ని ఆ సూత్రం ప్రకారమే 349తో ఆపారు. 2024 అక్టోబరులో ప్రకటించిన ఎఫ్80 సంఖ్య 799, ఒక్కొక్కటి 36 లక్షల యూరోలు. డబ్బు సంచి పట్టుకుని వెళ్ళినంత మాత్రాన ఇటువంటివి అమ్మరు. అంతకుముందు వారి కార్లు ఎన్ని కొన్నారు, ఎన్నాళ్ళు ఉంచుకున్నారు, కొని వెంటనే అమ్ముకున్నారా అన్నీ విచారిస్తారు. అన్నీ కుదిరితే కంపెనీవారే కబురు పెడతారు. ఒకప్పుడు వర్తకుడు కొనుగోలుదారు గడపకు వచ్చి నమస్కారం పెట్టేవాడు. ఇక్కడ కొనుగోలుదారుడు వర్తకుడి గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఈ దైన్యం ఎంతదాకా పోయిందంటే, 2016లో లాఫెరారీ అపెర్తా అనే కారు తనకు ఇవ్వనన్నారని ఫ్లోరిడాకు చెందిన ఒక వృద్ధ ధనికుడు కంపెనీ మీద దావా వేశాడు. పది లక్షల డాలర్ల చెక్కు పంపితే తిప్పి పంపారనీ, తనకు అర్హత లేదన్న మాట వల్ల తన పరువు పోయిందనీ ఆయన ఫిర్యాదు. ఆ మరుసటి సంవత్సరం ఫోర్డు కంపెనీ వంతు వచ్చింది. ఫోర్డ్ జీటీ అనే కారును రెండేళ్ళదాకా అమ్మకూడదన్న షరతు మీద అమ్మగా, మల్లయోధుడూ నటుడూ అయిన జాన్ సీనా ముందే అమ్మివేశారని ఆయన మీద దావా పడింది. 2018లో రాజీ కుదిరింది. ఆలోచించండి. కొనలేకపోయానని ఒకడు కోర్టుకు, కొన్నవాడు అమ్మాడని ఇంకొకడు కోర్టుకు! కారు ఎట్లా నడుస్తుందన్న ప్రశ్న ఈ రెండు దావాలలోనూ లేదు.

ఇంత చేసి, ఈ కొరత నిజమైన కొరతా? కాదు. 2013లో ఏడాదికి ఏడువేల లోపు కార్లే చేస్తామని ఫెరారీ అధ్యక్షుడు మాంతెజెమోలో ప్రకటించారు. 2014లో ఆయన వెళ్ళిపోయారు. 2015 అక్టోబరులో కంపెనీ షేరు న్యూయార్కు ఎక్స్ఛేంజిలో 52 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. 2024లో ఫెరారీ పంపిణీ చేసిన కార్లు 13,752. పదేళ్ళలో దాదాపు రెట్టింపు. ఆ ఏడాది కార్ల మీదా విడిభాగాల మీదా వచ్చిన రాబడిని ఈ సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క కారుకు 4 లక్షల యూరోలకు పైనే తేలుతుంది. ఆ రాబడిలో సుమారు అయిదో వంతు రంగులు, తోలు, కుట్టుపని వంటి ప్రత్యేక అలంకారాల నుంచే వస్తోంది. సంఖ్య రెట్టింపయినా 'దొరకదు' అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. దొరకనిది తయారు చేయడం ఒక విద్య, దొరుకుతున్నదాన్ని దొరకదని నమ్మించడం అంతకన్నా పెద్ద విద్య.

లంబోర్గినీ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ట్రాక్టర్లు చేసుకునే ఫెరూచ్చో లంబోర్గినీ 1963లో పెట్టిన కంపెనీ అది. దివాలా తీసి, చేతులు మారి మారి, 1998లో జర్మనీకి చెందిన ఆడి నీడకు చేరింది. 2024లో అది అమ్మిన 10,687 బండ్లలో సగానికి పైగా ఊరుస్ అనే ఎత్తయిన కుటుంబ వాహనాలు. నేలకు అంటుకుపోయే పందెపు కోడెలాంటి కారు గోడమీద బొమ్మగా ఉంటుంది, రాబడి మాత్రం పిల్లల్ని బడికి దింపే బండి మీద వస్తుంది. నాలుగు తలుపుల బండి చేయమన్న వాదం చాలాకాలం వినిపించిన ఫెరారీ కూడా 2022లో పురోసాంగ్వే తెచ్చింది. ఆ పేరుకు 'శుద్ధరక్తం' అని అర్థమట! నామకరణంలో ఇంతటి హాస్యం కావాలని చేసినా రాదు.

ఫెరారీని చూసి మిగిలినవారూ వాతలు పెట్టుకున్నారు. పులిని చూసి నక్క చేసిన పనే అది. ఆస్టన్ మార్టిన్ 2018లో 19 పౌండ్లకు షేర్లు అమ్మింది, రెండేళ్ళు తిరగకుండానే కొత్త పెట్టుబడిదారు వచ్చి ఆదుకోవలసి వచ్చింది. మెక్‌లారెన్ 2021లో తన ప్రధాన భవనాన్నే 17 కోట్ల పౌండ్లకు అమ్మి, అందులోనే అద్దెకుంది. కొత్తగా వచ్చే ఖరీదైన కార్లన్నీ పెరుగుతాయన్న నమ్మకం కూడా వట్టిదే. ఫెరారీవారి ఎస్ఎఫ్90 వంటి కారే షోరూము దాటాక కొన్న ధరకన్నా ఎంతో కిందికి దిగింది. పరిమిత సంఖ్య అని చాటితే చాలు బంగారమవుతుందనుకున్నవారి కళ్ళెదుటే ఇది జరిగింది.

అయితే ఏవి పెరుగుతున్నాయి? చేతితో గేరు వేసే పాతరకం కార్లు. ఫెరారీ 599 జీటీబీలో చేతిగేరు ఉన్నవి పదుల సంఖ్యలోనే వచ్చాయి. మిగిలిన అన్ని విధాలా అటువంటిదే అయిన ఇంకో కారుకన్నా వాటి ధర ఎన్నో రెట్లు. ఆ గేరు కర్రను తీసివేసింది ఎవరు? తయారీదారులే. నాడు కొనేవారే అది అక్కరలేదన్నారు. పోయిన తరువాత నేడు దానికోసం కన్నీరు కారుస్తున్నారు.

పోర్షే కరెరా జీటీ అనే కారు 2004 నుంచి 2006 వరకు వచ్చింది, ధర సుమారు 4,40,000 డాలర్లు. 1,500 చేద్దామనుకుని, 1,270తో ఆపారు. నడపడానికి కష్టమైనదనీ, అజాగ్రత్తను సహించదనీ దానికి పేరు. అదే కారు 2022 నాటికి 20 లక్షల డాలర్ల దాకా పలికింది. అంత ధర పలికినవి ఎక్కువ తిరిగిన బండ్లు కావు, పదిహేనేళ్ళకు పైగా దాదాపు తిరగకుండా ఉన్నవి.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. ఈ వ్యాపారంలో తిరిగిన ప్రతి మైలుకూ ధర తగ్గుతుంది. తిరగని ప్రతి మైలుకూ అదనం చెల్లిస్తారు. అంటే యజమాని తన కారును ఎక్కినప్పుడల్లా నష్టపోతాడు, ఎక్కనప్పుడల్లా లాభపడతాడు. మీటకుండా ఉంచిన వీణకు ఎక్కువ వెల, కచేరీలు చేసిన వీణకు తక్కువ వెల అని ఒక లోకం ఏర్పాటు చేస్తే, ఆ లోకంలో సంగీతం ఏమవుతుంది? వీణలు మిగులుతాయి. వైణికులు మిగలరు.

మన భర్తృహరి నీతిశతకంలో ధనానికి మూడు గతులు చెప్పాడు. ఇవ్వడం, అనుభవించడం, రెండూ చేయకపోతే నశించడం. పద్నాలుగు వందల ఏళ్ళనాటి మాటగా దాన్ని పక్కన పెట్టనక్కరలేదు. ఈ కార్లకు అది అక్షరాలా సరిపోతుంది.

దానానికి ఉదాహరణ ఉంది. 1955లో మెర్సిడెస్ కంపెనీ 300 ఎస్ఎల్ఆర్ కూపేలు రెండే చేసింది. ఆ ఏడాదే లెమాన్ పందెంలో కారు ప్రేక్షకుల మీద పడి ఎనభై మందికి పైగా మరణించాక కంపెనీ పందేల నుంచి తప్పుకుంది. ఆ కూపేను దాని రూపకర్త రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ తన రాకపోకలకు వాడుకున్నారు. 2022 మే నెలలో ఆ రెండింటిలో ఒకటి 13 కోట్ల 50 లక్షల యూరోలకు, మన రూపాయలలో సుమారు 1,100 కోట్లకు అమ్ముడైంది. వేలంలో ఏ కారూ అంతకుముందు అంత పలకలేదు. ఆ సొమ్ముతో కంపెనీ పర్యావరణ రంగంలో చదువుకునే యువతకు విద్యార్థివేతనాల నిధి ఏర్పరచింది. ఆ వెల వెర్రిదే కావచ్చు, దాని గతి మాత్రం మంచిది. ఒప్పుకోవాలి.

భోగానికీ ఉదాహరణ ఉంది. లండన్ సంగీతకారుడు నిక్ మేసన్ 1970లలో ఒక 250 జీటీవో కొని, దాని ధర కోట్లు దాటిన తరువాత కూడా దశాబ్దాల పాటు పాతకార్ల పందేలలో నడిపించారు. ఇంగ్లండులో గుడ్‌వుడ్ దారిమీద అటువంటి కార్లు నేటికీ పరుగెత్తుతాయి, ఒక్కొక్కసారి తగులుకుంటాయి, సొట్టలు పడతాయి. వారిని నేను నిందించను. అనుభవించేవాడు ధనికుడైనా అనుభోక్తే.

ఇక మూడవ గతి. వేడిమీ తేమా లెక్కచూసి గాలి ఆడించే గోదాములలో, దుప్పటి కింద, టైరు నేలకు సరిగా తాకకుండా నిలబెట్టినవి. వాటికి తుప్పు పట్టదు. అయినా నశించినవే. తుప్పు ఇనుమును తింటే, ఈ నిల్వ దాని ప్రయోజనాన్ని తింటుంది.

నా మీద రాగల ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. ధర పెరిగింది కాబట్టే పొలాల్లో పడివున్న బండ్లను వెతికి తీసి, నిపుణులు నెలల తరబడి శ్రమించి బాగుచేశారని ఒకరంటారు. నిజం. ఒహాయో పొలంలోని కారు బయటపడిందీ ధర పెరిగిన కాలంలోనే. మోదెనా చుట్టుపక్కల రేకు కొట్టే పనివారికి, తోలు కుట్టేవారికి ఆ డబ్బు అన్నం పెట్టింది. అది మేలే. అయితే వానలోంచి తీసి చెరసాలలో పెడితే దాన్ని రక్షణ అనవచ్చు గాని విముక్తి అనలేం. పనివాడు అంత నైపుణ్యంతో బ్రతికించిన ఇంజను శబ్దాన్ని ఆ పనివాడే మళ్ళీ వినకపోతే ఆ నైపుణ్యానికి దక్కిన గౌరవమేమిటి?

ఎవరి డబ్బు వారిది, నీకెందుకయ్యా అని మరొకరంటారు. వారి డబ్బు మీద నాకు హక్కు లేదు. వారి పనికి మనం వాడే మాటల మీద హక్కుంది. కొని దాచినవాణ్ణి కొని దాచినవాడనే అందాం. అతణ్ణి కళాపోషకుడనీ రసజ్ఞుడనీ అనడం దేనికి? మా సాహిత్యంలో సహృదయుడంటే కావ్యాన్ని చదివి కరిగేవాడు, పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్రాలను వెతికించి, సొంత డబ్బుతో పండితులను పెట్టి ప్రతులు రాయించాడు, పరిష్కరింపజేశాడు, అచ్చు వేయించాడు. నాటి లెక్కలో ఆ తాళపత్రాల వెల ఎంత? దాదాపు ఏమీలేదు. విలువ ఎంతో ఆయనకు తెలిసింది. వాటిని అపురూప వస్తువులుగా దాచి ధర పెరిగేదాకా ఎదురుచూసి ఉంటే ఈనాడు మనకు చదువుకోవడానికి ఎన్ని మిగిలేవి?

మూడవ ఆక్షేపణ నా పూర్వవిద్యార్థి ఒకడు చేశాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగి, బుద్ధిమంతుడు. "మాస్టారూ, మీరు కారు అనుకుంటున్నారు గాని అది పెట్టుబడి. స్థలం కొన్నట్టే, బంగారం కొన్నట్టే" అన్నాడు. ఆ 'కొన్నట్టే' దగ్గరే నాకు గుబులు పుట్టింది. అతడు ఫెరారీ కొనడు, కొనలేడు. ఆ కార్లు అతడి ఇంటి ముందుకు రాకపోయినా ఆ తర్కం అతడి బుర్రలోకి వచ్చేసింది. మన హైదరాబాదు చుట్టూ చూడండి. హద్దురాళ్ళు పాతి, ఇల్లు కట్టకుండా వదిలేసిన స్థలాలు మైళ్ళకొద్దీ ఉన్నాయి. కొన్నవాడు అక్కడ ఉండడు, ఉండవలసినవాడు అక్కడ కొనలేడు. ఎక్కని కారుకూ కట్టని స్థలానికీ పోలిక నేను తెచ్చింది కాదు, నా శిష్యుడే తెచ్చాడు. నేను దాన్ని ఒప్పుకుంటున్నాను, అతడు మెచ్చుకున్న చోట నేను భయపడుతున్నాను.

కారు కూడా లేకుండా ఉత్త కొరతనే కొనే స్థితికి కూడా మనం చేరాం. ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో 2024లో 9999 అనే నాలుగంకెల కోసం పాతిక లక్షలకు పైగా వేలం సాగింది. ఆ అంకె ఇంజనుకు ఒక్క అశ్వశక్తిని కలపదు. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోయింది కాబట్టి కోపం రాదు, నవ్వు వస్తుంది. ఆ నవ్వు మారనెల్లోలో మాత్రం ఎందుకు రాకూడదు? అక్కడా అమ్ముడవుతున్నది ప్రధానంగా అంకెయే కదా, 799లో ఒకటి అన్న అంకె.

2011 చివర లంబోర్గినీ అవెంటడోర్ మన దేశానికి వచ్చినప్పుడు ధర 3 కోట్ల 69 లక్షలు. దాని వారసుడు రెవుయెల్తో 2023 డిసెంబరులో 8 కోట్ల 89 లక్షలకు వచ్చింది. రూపాయి తగ్గింది, లోకంలో అన్నిటి ధరలూ పెరిగాయి, అందులో కొంత దానికి పోతుంది. అయినా ఈ వార్త రాసినవారు ఆ ధరనే మొదటి వాక్యంలో, అదే మొదటి విశేషణంగా రాశారు. ధరయే విశేషణమైన భాషలో క్రమంగా మిగిలిన విశేషణాలు చచ్చిపోతాయి. బడిపిల్లవాడు ఆ వార్త చదివి, ఆ కారు ఎందుకు గొప్పది అంటే దాని ఇంజను గురించి చెప్పలేడు, ఆ వంపు గీసిన చేతి గురించి చెప్పలేడు. తొమ్మిది కోట్లు అంటాడు. టెక్సస్ పాఠశాలలో సిలిండర్లు లెక్కపెట్టిన పిల్లలకు తెలిసినంత కూడా వీడికి తెలియదు.

కాబట్టి నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. ధనవంతులు కొనుక్కోవచ్చు, కంపెనీలు అమ్ముకోవచ్చు. వార్త రాసేవారు ఒక పని చేయాలి. ఒక కారు వందల కోట్లకు పోయిందని రాసినప్పుడు, అది కడపటిసారి ఎప్పుడు రోడ్డెక్కిందో కూడా రాయాలి. ఎందరు దాన్ని నడిపారో, ఎవరు బాగుచేశారో, కొన్నవాడు దాన్ని నడపబోతున్నాడో దాచబోతున్నాడో రాయాలి. అప్పుడు చదివేవాడికి వెల ఒక వైపు, విలువ మరొక వైపు కనిపిస్తాయి. ఉపాధ్యాయులు కూడా పిల్లలకు ఈ రెండు మాటల తేడా ఒక్క పీరియడు కేటాయించి చెప్పాలి. పరీక్షలో రాకపోయినా సరే.

కారును కొని నడిపేవాడి మీద నాకు అసూయ లేదు, కొని నడపనివాడి మీద గౌరవం లేదు. ఈ అభిప్రాయం తప్పని తోచినవారు కారణాలతో ఖండించవచ్చు, సంతోషంగా చదువుతాను. ఆ కారణాలలో ధర ఒకటి కాకూడదన్నది మాత్రం నా విన్నపం.

స్వస్తి.